మైసెల్‌లో చేరిన అణువుకు ఏమవుతుంది, మైసెల్‌కు ఏమవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎక్కువగా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫార్మసీ విద్యార్థులు అడిగేవి. నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఉన్న సబ్బులాంటి అణువులను సర్ఫాక్టెంట్లు అంటారు. అవి నీటిలో తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టి కట్టుకునే చిన్న గుంపే మైసెల్. ఇంతవరకూ డిగ్రీ పుస్తకాల్లో ఉంటుంది. దానిలోకి ఇంకో అణువు చేరాక ఏం జరుగుతుందో మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతారు. "నీటిలో కరగనిది మైసెల్ మధ్యలోకి వెళ్లి కూర్చుంటుంది" అన్న ఆ వాక్యం పట్టుకుని పరిశోధనలోకి వచ్చినవాళ్ల లెక్కలు చాలాసార్లు తప్పుతాయి. చేరిన అణువు మైసెల్‌ను మారుస్తుంది, మైసెల్ ఆ అణువును మారుస్తుంది. కింది జవాబులన్నీ ఈ రెండు మార్పుల చుట్టూ తిరిగేవే.

ముందుగా, మైసెల్ ఎంత ఉంటుంది?

సోడియం డోడెసైల్ సల్ఫేట్ అనే ఋణావేశ సర్ఫాక్టెంట్‌నే తీసుకుందాం. ల్యాబుల్లో అందరూ ఎస్‌డీఎస్ అంటారు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఉప్పు కలపని నీటిలో దీని క్రిటికల్ మైసెల్ గాఢత, అంటే సీఎంసీ, సుమారు 8 మిల్లీమోలార్. అది దాటాక కలిపినదంతా దాదాపుగా మైసెల్‌లలోకే పోతుంది. ఒక్కో మైసెల్‌లో సగటున 60 పైచిలుకు అణువులుంటాయి. 12 కార్బన్ల తోకను పూర్తిగా చాచితే సుమారు 1.67 నానోమీటర్లు. అంటే లోపలి హైడ్రోకార్బన్ గోళం వ్యాసార్ధం దాదాపు అంతే.

ఇక్కడ చిన్న లెక్క చేయండి. ఆ గోళం ఘనపరిమాణం సుమారు 20 ఘన నానోమీటర్లు. దాని అంచు నుంచి లోపలికి 0.3 నానోమీటర్ల మందం, అంటే తోకలో రెండు మూడు కార్బన్ల పొడవు మాత్రమే, పక్కన పెడితే మొత్తంలో 45 శాతం ఆ పొరలోనే పోతుంది. ఇంత చిన్న గోళంలో నడిమి భాగం చాలా తక్కువ, అంచు చాలా ఎక్కువ. తర్వాతి జవాబుల్లో సగం ఈ లెక్కలోంచే వస్తాయి.

చేరిన అణువు సరిగ్గా ఎక్కడ ఉంటుంది?

అది ఎలాంటి అణువన్న దాన్ని బట్టి. సైక్లోహెక్సేన్ లాంటి సంతృప్త హైడ్రోకార్బన్లు ఎక్కువగా లోపలే ఉంటాయి. డోడెకనాల్ లాంటి పొడవాటి ఆల్కహాల్ సర్ఫాక్టెంట్ల మధ్య వరుసలో దూరి, హైడ్రాక్సిల్ చివరను నీటివైపు, తోకను లోపలివైపు పెట్టుకుంటుంది. ఆ వరుసను పాలిసేడ్ పొర అంటారు. మైసెల్‌కు వ్యతిరేక ఆవేశం ఉన్న రంగు అణువులు తలల దగ్గర, స్టెర్న్ పొరలో పట్టుబడతాయి. ట్రైటన్ ఎక్స్-100 లాంటి ఆవేశం లేని సర్ఫాక్టెంట్లలో బయట మందంగా పాలీఇథిలీన్ ఆక్సైడ్ గొలుసులుంటాయి. ఫీనాల్స్‌కు అక్కడే బాగా చోటు దొరుకుతుంది.

ఏ అణువూ ఒకేచోట కదలకుండా ఉండదు. "అంచున ఉంది" అంటే ఎక్కువ సమయం అంచున గడుపుతోందని అర్థం చేసుకోవాలి. గాఢత పెరిగితే ఆ చోటు కూడా మారవచ్చు. బెంజీన్ దీనికి మంచి ఉదాహరణ: కొద్దిగా కలిపినప్పుడు అంచును వెతుక్కుంటుంది, ఎక్కువ కలిపేకొద్దీ లోపల కూడా నిండుతుంది.

బెంజీన్‌ది శుద్ధ హైడ్రోకార్బన్ కదా, అంచున ఎందుకుంటుంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే. సెటైల్‌ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్, అంటే సీటీఏబీ, మైసెల్‌లలో బెంజీన్ వలయం ఎక్కడుందో ఎరిక్సన్, గిల్‌బర్గ్ 1966లోనే ఎన్‌ఎంఆర్‌తో, అంటే అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్లిచ్చే సిగ్నల్‌ను కొలిచే పద్ధతితో, చూశారు. బెంజీన్ వలయంలో తిరిగే ఎలక్ట్రాన్ల వల్ల పక్కనున్న ప్రోటాన్ల సిగ్నల్ జరుగుతుంది. ఏ ప్రోటాన్ల సిగ్నల్ ఎక్కువ జరిగిందో చూస్తే వలయం వాటి పక్కన ఉందని తెలుస్తుంది. తక్కువ గాఢతలో జరిగినవి తలకు దగ్గరివి.

కారణం స్పష్టంగా చెప్పినవాడు భారతీయ మూలాలున్న పశుపతి ముఖర్జీ. ఆయన అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆయన వాదన ఇలా సాగుతుంది. హెక్సేన్‌కూ నీటికీ మధ్య తలతన్యత మీటరుకు 50 మిల్లీన్యూటన్ల దగ్గర ఉంటే, బెంజీన్‌కూ నీటికీ మధ్య 35 దగ్గరే ఉంటుంది. నూనె, నీరు కలిసే సరిహద్దులో బెంజీన్ చేరితే అక్కడి తలతన్యత తగ్గుతుంది. అంటే బెంజీన్‌కు కొద్దిపాటి ఉపరితల ఆసక్తి ఉంది. మామూలు నూనె చుక్కలో ఉపరితలం వాటా ఏమంత కాదు కాబట్టి ఆ ఆసక్తి బయటపడదు. మైసెల్‌లో దాదాపు సగం అంచే అయినప్పుడు ఆ చిన్న ఆసక్తే నిర్ణయాత్మకమవుతుంది. సీటీఏబీలో అయితే ధనావేశమున్న తలలకూ వలయంలోని పై (π) ఎలక్ట్రాన్లకూ ఆకర్షణ కూడా తోడవుతుంది.

దీనికి తోడు లోపలి ఒత్తిడి ఉంది. వంపు తిరిగిన ఉపరితలం లోపలివైపు నొక్కుతుంది. దాన్ని లాప్లాస్ పీడనం అంటారు. తలతన్యతను మీటరుకు 30 మిల్లీన్యూటన్లుగా, వ్యాసార్ధాన్ని 1.67 నానోమీటర్లుగా తీసుకుంటే అది 350 అట్మాస్ఫియర్ల దాకా వస్తుంది. ఇంత చిన్న వస్తువుకు స్థూల తలతన్యతను వాడడం ఉజ్జాయింపే. అయినా ఒక విషయం అర్థమవుతుంది: లోపల చేరే అణువు ఆ ఒత్తిడికి ఎదురుగా చోటు చేసుకోవాలి, పెద్ద అణువుకు ఆ ఖర్చు ఎక్కువ. అందుకే మైసెల్ నడిమి భాగం ద్రవ హెక్సేన్ కరిగించినంత కరిగించలేదు.

పైరీన్ పూర్తిగా లోపలే ఉంటుందని చదివాం. నిజమేనా?

పైరీన్ నాలుగు వలయాల హైడ్రోకార్బన్. కాంతి పడితే అది తిరిగి వెలిగే వెలుగులో, అంటే ఫ్లోరోసెన్స్‌లో, మొదటి శిఖరానికీ మూడో శిఖరానికీ ఉన్న నిష్పత్తి దాని చుట్టూ ఉన్న ధ్రువతను చెబుతుంది. కళ్యాణసుందరం, థామస్ 1977లో దీన్ని మైసెల్‌లకు వాడి చూపించారు. నీటిలో ఆ నిష్పత్తి 1.8 దగ్గర, హెక్సేన్‌లో 0.6 దగ్గర ఉంటుంది. ఎస్‌డీఎస్ మైసెల్‌లో 1.1 దగ్గర. హెక్సేన్‌లో ఉన్నట్టు లేదని ఆ అంకే చెబుతోంది. పైరీన్ ఎక్కువ సమయం నీటి స్పర్శ తగిలే చోటే గడుపుతోంది.

అంటే మైసెల్ లోపలికి నీరు వెళ్తుందా?

1970ల చివర్లో ఫ్రెడ్ మెంగర్ ఈ ప్రశ్నను గట్టిగా లేవనెత్తారు. మైసెల్ నున్నటి బంతిలా ఉండదనీ, నీటికి దారులున్న గరుకు గుంపులా ఉంటుందనీ ఆయన వాదన. న్యూట్రాన్ స్కాటరింగ్ ప్రయోగాలు మాత్రం నడిమి భాగం దాదాపు పొడిగానే ఉందని చూపించాయి. రెండింటికీ పొత్తు కుదిరేది ఇలా: తోకలు ద్రవంలోలా మెలికలు తిరుగుతూ ఉంటాయి కాబట్టి, తోక చివరి కార్బన్ కూడా అప్పుడప్పుడు ఉపరితలానికి వస్తుంది. నీరు లోపలికి పోనక్కర్లేదు, తోకే నీటిని తాకి వెళ్తుంది. తోకకు తగిలించిన ప్రోబ్‌కు, అంటే చుట్టూ ఏముందో చెప్పే అణువుకు, నీరు కనిపించడం వింతేమీ కాదు.

ఒకసారి చేరిన అణువు ఎంతసేపు ఉంటుంది?

చాలామంది ఊహించుకున్న దానికన్నా చాలా తక్కువసేపు. ఎస్‌డీఎస్ మైసెల్‌లో బెంజీన్ ఉండేది సుమారు 0.2 మైక్రోసెకన్లు. నాఫ్తలీన్ 4 మైక్రోసెకన్లు, ఆంత్రసీన్ 60 మైక్రోసెకన్ల దాకా, పైరీన్ 250 మైక్రోసెకన్ల దగ్గర. ఆల్మ్‌గ్రెన్, గ్రీజర్, థామస్ 1979లో ప్రచురించిన రేట్ల నుంచి వచ్చే అంకెలివి. నీటిలో కరగడానికి ఎంత ఇష్టపడకపోతే అంత ఎక్కువసేపు ఉంటుంది. లోపలికి రావడం మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే వేగం: ఎదురుపడితే చాలు, చేరిపోతుంది. తేడా అంతా బయటికి పోవడంలోనే ఉంది.

మైసెల్ కూడా నిలకడగా ఉండేది కాదు. ఆనియాన్సన్, వాల్ 1974లో చూపినట్టు, ఒక్కో సర్ఫాక్టెంట్ అణువు మైక్రోసెకన్ల స్థాయిలో వచ్చిపోతుంటుంది. మైసెల్ మొత్తంగా ఏర్పడి విడిపోవడానికి మిల్లీసెకన్ల నుంచి సెకను దాకా పడుతుంది. పెద్ద బస్టాండులో ఏ వేళ చూసినా జనం అంతే కనిపిస్తారు, కానీ పొద్దున చూసినవాళ్లు మధ్యాహ్నం ఉండరు. 60 అనే సంఖ్య కూడా అలాంటిదే.

దీనివల్ల ప్రయోగంలో వచ్చే తేడా చాలా పెద్దది. ఎన్‌ఎంఆర్ కొలిచే సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది కాబట్టి అది లోపలిదీ బయటిదీ కలిపిన సగటునే చూపిస్తుంది. ఫ్లోరోసెన్స్ నానోసెకన్లలో ముగుస్తుంది కాబట్టి పైరీన్ ఏ మైసెల్‌లో ఉందో అక్కడే చిక్కుకుని కనిపిస్తుంది. ఒకే ద్రావణం మీద రెండు పద్ధతులు వేరు జవాబులిస్తే కంగారు పడకండి. ముందు ఏది ఎంత సమయాన్ని చూస్తోందో అడగండి.

ఒక్కో మైసెల్‌లో ఎన్ని అణువులు చేరతాయి?

లెక్క వేసి చూద్దాం. 50 మిల్లీమోలార్ ఎస్‌డీఎస్‌లో 8 తీసేస్తే 42 మిల్లీమోలార్ మైసెల్‌లలో ఉంది. దాన్ని 62తో భాగిస్తే మైసెల్‌ల గాఢత సుమారు 0.68 మిల్లీమోలార్. అంతే గాఢతలో ప్రోబ్ కలిపితే సగటున మైసెల్‌కు ఒకటి. కానీ ప్రతి మైసెల్‌లో ఒక్కొక్కటి ఉండదు. అణువులు యాదృచ్ఛికంగా పడితే వచ్చే పాయిజాన్ పంపిణీ ప్రకారం 37 శాతం ఖాళీగా, 37 శాతం ఒక్కదానితో, 18 శాతం రెండింటితో, మిగతా 8 శాతం అంతకన్నా ఎక్కువతో ఉంటాయి. పైరీన్‌కు ఇది ఇబ్బంది, ఎందుకంటే ఒకే మైసెల్‌లో రెండు పడితే అవి జతకట్టి ఎక్సైమర్ ఏర్పడి స్పెక్ట్రమ్ మారిపోతుంది. సగటును పదో వంతుకు తగ్గిస్తే రెండు చేరే అవకాశం అర శాతానికి లోపే ఉంటుంది.

ఇదే పంపిణీని తిరగేసి టర్రో, యెక్తా 1978లో మైసెల్‌లో ఎన్ని సర్ఫాక్టెంట్ అణువులున్నాయో లెక్కించే పద్ధతి తయారు చేశారు. ఒక రుథీనియం సంక్లిష్టం వెలుగుతుంటే, 9-మిథైల్ ఆంత్రసీన్ దాన్ని ఆర్పుతుంది. ఆర్పేది లేని మైసెల్‌లే వెలుగుతాయి. మిగిలిన వెలుగు ఎంతో చూస్తే ఖాళీ మైసెల్‌ల వాటా, దాన్నుంచి మైసెల్‌ల సంఖ్య తెలిసిపోతాయి. ఇంత సులభమైన పరికరంతో ఇంత లోతైన అంకె రాబట్టడం నిజంగా గొప్ప ఆలోచన.

చేరిన అణువు మైసెల్‌ను ఎలా మారుస్తుంది?

మొదట సీఎంసీ తగ్గుతుంది. డోడెకనాల్ లాంటిది ఆవేశమున్న తలల మధ్య దూరితే వాటి మధ్య వికర్షణ తగ్గి, మైసెల్ ఇంకా తక్కువ గాఢతలోనే ఏర్పడుతుంది. ఆ తర్వాత పరిమాణం పెరుగుతుంది. లోపల నూనె చేరితే ఉబ్బుతుంది, అంచున చేరితే వంపు మారుతుంది.

వంపు మారితే ఆకారమే మారిపోవచ్చు. సీటీఏబీ ద్రావణం నీళ్లలాగే పారుతుంది. దానిలో సోడియం సాలిసిలేట్ తగుపాళ్లలో కలపండి, జిగటగా సాగే పదార్థం అవుతుంది. గట్టిగా తిప్పి వదిలితే లోపలి గాలి బుడగలు కాసేపు వెనక్కి తిరుగుతాయి. సాలిసిలేట్ వలయం ధనావేశ తలల మధ్య దిగబడి, ఋణావేశాన్ని బయటికి పెట్టి, తలల వికర్షణను దాదాపు చల్లార్చేస్తుంది. ఇక గోళంగా వంగాల్సిన పని లేదు. మైసెల్‌లు పొడవైన పురుగుల్లా పెరిగి ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. మెటా, పారా స్థానాల్లో హైడ్రాక్సిల్ ఉన్న బెంజోయేట్‌లకు ఈ శక్తి లేదు. ఆర్థో స్థానంలో ఉంటేనే ఆ అణువు తలల మధ్య సరిగ్గా అమరుతుంది. కలిపిన అణువులో ఒక్క సమూహం చోటు మారితే ద్రావణం మొత్తం నీళ్లా, జిగురా అన్నది తేలిపోతుంది.

మైసెల్ రసాయన చర్యను వేగవంతం చేస్తుందా, నెమ్మదింపజేస్తుందా?

రెండూ చేస్తుంది. పొడవాటి తోక ఉన్న ఎస్టర్‌ను హైడ్రాక్సైడ్‌తో జలవిశ్లేషణ చేస్తున్నారనుకోండి. ఎస్టర్ మైసెల్‌లోకి చేరుతుంది. మైసెల్ సీటీఏబీదైతే ధనావేశం హైడ్రాక్సైడ్‌ను కూడా అంచుకు లాగుతుంది, చర్య వేగం పెరుగుతుంది. ఎస్‌డీఎస్‌దైతే హైడ్రాక్సైడ్‌ను తరిమేస్తుంది, చర్య నెమ్మదిస్తుంది. బంటన్, రామ్‌స్టెడ్ తదితరుల విశ్లేషణలో తేలిన ముఖ్యమైన మాట ఇది: ఈ వేగం ఎక్కువగా రెండు పదార్థాలూ ఇరుకు చోట పోగుపడడం వల్ల వచ్చినదే. అంచున ఉన్న స్థానిక గాఢత లెక్కలోకి తీసుకుంటే అక్కడి రేటు స్థిరాంకం నీటిలో ఉన్నంతే, చాలాసార్లు అంతకన్నా తక్కువే. సోడియం బ్రోమైడ్ కలిపితే బ్రోమైడ్ వచ్చి హైడ్రాక్సైడ్ స్థానాన్ని ఆక్రమిస్తుంది, వేగం పడిపోతుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు తిరిగే ఉదాహరణ. పసుపులోని కర్క్యుమిన్ క్షారంలో నిలవదు. పసుపు మరక మీద సబ్బు రాస్తే ఎర్రబడడం మనందరం చూసిందే, అది కర్క్యుమిన్ ప్రోటాన్ కోల్పోవడం. ప్రోటాన్ కోల్పోయిన కర్క్యుమిన్ నీటిలో త్వరగా ముక్కలవుతుంది. శరీరపు పీహెచ్, 37 డిగ్రీల దగ్గర బఫర్‌లో అరగంటలో 90 శాతం దాకా పోతుంది. పై వాదన ప్రకారం సీటీఏబీ దీన్ని ఇంకా తొందరగా నాశనం చేయాలి. కానీ 2008లో వచ్చిన ఫలితాల్లో సీటీఏబీ మైసెల్‌లు కర్క్యుమిన్‌ను పీహెచ్ 13లో కూడా బాగా కాపాడాయి, ఎస్‌డీఎస్ కాపాడలేకపోయింది. ఋణావేశమున్న కర్క్యుమిన్ ధనావేశ తలలకు గట్టిగా అతుక్కుని, నీటికి అందనంతగా పాలిసేడ్ పొరలో దాగుతుందని వివరణ. ఎస్‌డీఎస్ దాన్ని వికర్షించి నీటిలోకే నెట్టేస్తుంది. సర్ఫాక్టెంట్ ఒకటే, హైడ్రాక్సైడ్ ఒకటే. ఎస్టర్ త్వరగా తెగింది, కర్క్యుమిన్ నిలిచింది. చేరిన అణువు ఏ లోతున, ఎంత గట్టిగా ఉందన్నది చూడకుండా ముందే జవాబు చెప్పడం కుదరదు.

ఇండికేటర్ రంగు మారే పీహెచ్ మైసెల్‌లో వేరుగా ఎందుకుంటుంది?

అంచున ఉన్న విద్యుత్ పొటెన్షియల్ వల్ల, అక్కడి తక్కువ ధ్రువత వల్ల. ఋణావేశ మైసెల్ ప్రోటాన్లను దగ్గరకు లాగుతుంది కాబట్టి పీకేఏ, అంటే ఇండికేటర్‌లో సగం ప్రోటాన్ వదిలే పీహెచ్, పెరిగినట్టు, ధనావేశ మైసెల్‌లో తగ్గినట్టు కనిపిస్తుంది. సర్ఫాక్టెంట్ ఉన్న ద్రావణంలో ఇండికేటర్‌తో టైట్రేషన్ చేసేవాళ్లు ఇది మరవకూడదు.

మైసెల్ పక్కనున్న నీటిలోనూ మార్పు వస్తుందా?

వస్తుంది. కోల్‌కతాలో కంకణ్ భట్టాచార్య బృందం 1990లలో కూమరిన్ రంగులను మైసెల్‌లలో చేర్చి, వాటి చుట్టూ నీరు ఎంత వేగంగా సర్దుకుంటుందో కొలిచింది. మామూలు నీటిలో పికోసెకను లోపే అయిపోయే ఆ సర్దుబాటు మైసెల్ అంచున వందల పికోసెకన్ల దాకా సాగింది.

మందుల తయారీలో దీని పాత్ర ఏమిటి?

2021లో కోవిడ్ రెండో అల మధ్య మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) విజృంభించినప్పుడు దాని మందు ఆంఫోటెరిసిన్ బి పేరు తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ తెలిసింది. ఆ మందు పాత రూపంలో ఒక వయల్‌లో 50 మిల్లీగ్రాముల మందుతో 41 మిల్లీగ్రాముల సోడియం డీఆక్సీకోలేట్ ఉంటుంది. డీఆక్సీకోలేట్ పిత్తంలో ఉండే లవణమే. 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపినప్పుడు దాని గాఢత సుమారు 10 మిల్లీమోలార్, అంటే సీఎంసీ కన్నా పైన. తర్వాత అర లీటరు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోకి పలుచన చేస్తే 0.2 మిల్లీమోలార్‌కు పడిపోతుంది. కొన్ని మిల్లీమోలార్లుండే దాని సీఎంసీకి అది చాలా కింద. అయినా మందు వెంటనే అడుగున పడదు. అప్పటికి అది డీఆక్సీకోలేట్ మైసెల్‌లో చేరిన మందుగా లేదు. మందూ డీఆక్సీకోలేటూ కలిసి కట్టుకున్న కొల్లాయిడ్. అతిథే ఇంటిని నిలబెడుతోందన్నమాట. ఆ కట్టు ఉప్పుకు తట్టుకోదు, సెలైన్‌లో కలిపితే మందు అవక్షేపమవుతుంది. డెక్స్‌ట్రోజే వాడమని గట్టిగా చెప్పడం వెనకున్న కారణం ఇదే.

క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్‌లో కథ ఇంకోలా ఉంది. ఆముదం నుంచి తయారైన క్రెమోఫోర్ ఈఎల్‌లో దాన్ని కరిగించి ఇస్తారు. రక్తంలో కూడా ఆ మైసెల్‌లు మిగిలి మందును పట్టి ఉంచుతాయి. అందువల్ల డోసు పెంచినప్పుడు ప్లాస్మాలో మొత్తం మందు డోసు నిష్పత్తికి మించి పెరుగుతుంది, కణాలకు అందే స్వేచ్ఛా భాగం అలా పెరగదు. రక్తంలో ఎంత ఉందన్న అంకె ఒక్కటే చూసి మందు బాగా అందిందనుకోకూడదు. కర్క్యుమిన్ మైసెల్ గుళికల ప్రకటనలు చదివేటప్పుడు కూడా ఈ మాట గుర్తుంచుకోండి.

మన శరీరంలో మైసెల్‌లు ఉంటాయా?

పేగులో పిత్త లవణాల మైసెల్‌లే కొవ్వు ఆమ్లాలనూ, ఎ, డి, ఇ, కె విటమిన్లనూ పేగు గోడ దాకా మోస్తాయి. పిత్త లవణాలు ఒంటరిగా కొలెస్టరాల్‌ను పెద్దగా కరిగించలేవు. లెసిథిన్ అనే కొవ్వు పదార్థం వాటిలో చేరితే మైసెల్ పెద్దదై సామర్థ్యం బాగా పెరుగుతుంది. ఒక అతిథి ఇంకో అతిథికి చోటు కల్పించడం ఇది. ఈ మూడింటి పాళ్లు ఎక్కడ తప్పితే కొలెస్టరాల్ విడిపడి పిత్తాశయ రాళ్లకు దారితీస్తుందో అడ్మిరాండ్, స్మాల్ 1968లో త్రికోణ పటం మీద గీసి చూపించారు.

బట్టల మీది నూనె మరక మైసెల్‌లోకే పోతుందా?

కొద్ది భాగం. ఎక్కువ నూనె సర్ఫాక్టెంట్ తలతన్యత తగ్గించడం వల్ల దారం మీద ముద్దగా చుట్టుకుని, రుద్దినప్పుడు ఊడి, చిన్న చుక్కలుగా నీటిలో తేలిపోతుంది. ఆ చుక్కలు మైసెల్‌ల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి.

సీఎంసీ కొలుస్తుంటే తలతన్యత గ్రాఫ్‌లో గుంట వస్తోంది. పరికరం పాడైందా?

సాధారణంగా పరికరం బాగానే ఉంటుంది, ఎస్‌డీఎస్‌లో డోడెకనాల్ ఉంటుంది. తయారీలో మిగిలినది కొంత, ద్రావణం నిల్వ ఉన్నప్పుడు జలవిశ్లేషణ వల్ల పుట్టేది కొంత. సీఎంసీ కన్నా కింద డోడెకనాల్ నీటి ఉపరితలాన్ని ఆక్రమించి తలతన్యతను మామూలు కన్నా ఎక్కువ తగ్గిస్తుంది. మైసెల్‌లు ఏర్పడగానే దాన్ని తమలోకి లాగేసుకుంటాయి, ఉపరితలం ఖాళీ అవుతుంది, తలతన్యత మళ్లీ పైకి లేస్తుంది. ఆ గుంట మైసెల్‌లోకి అణువు చేరడాన్ని నేరుగా చూపించే గుర్తే. ఎస్‌డీఎస్‌ను ఇథనాల్ నుంచి మళ్లీ స్ఫటికీకరించి, ఆ రోజు చేసిన ద్రావణంతో కొలవండి. గుంట పోయాక వచ్చిన సీఎంసీనే రాసుకోండి.